ఆట నియమం ఎవరి చేతిలో ఉంది?

2012లో పీడియాట్రిక్స్ పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలకు చెందిన టామ్ బరనౌస్కీ బృందం 9 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు నింటెండో వీ యంత్రాలు ఇచ్చింది. కొందరికి ఒళ్ళు కదిలిస్తే తప్ప సాగని ఆటలు, తక్కినవారికి కూర్చుని ఆడుకునే ఆటలు. ఎంతసేపు ఆడాలన్న నిబంధన లేదు. 13 వారాల కాలంలో పిల్లల కదలికలను ఒంటికి తగిలించిన పరికరంతో కొలిచి చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కదిలించే ఆట ఇంట్లోకి వచ్చినంత మాత్రాన పిల్లల రోజువారీ కదలిక పెరగలేదన్నమాట.

దీన్నిబట్టి ఆటలతో ఆరోగ్యం రాదని తేల్చేయడం తొందరపాటు. అదే బరనౌస్కీ బృందం 2003లో స్క్వైర్స్ క్వెస్ట్ అనే కంప్యూటర్ ఆటను 1,578 మంది నాలుగవ తరగతి పిల్లలతో పరీక్షించింది. అయిదు వారాల్లో పదిసార్లు ఆడినవారు పండ్లు, పండ్లరసాలు, కూరగాయలు అన్నీ కలిపి, ఆడనివారికన్నా రోజుకు సుమారు ఒక వడ్డన ఎక్కువ తిన్నారు. ఆ ఆటలో తెర మీద వంటకం తయారుచేయడంతో పని పూర్తి కాదు. ఇంట్లో తాను ఏం చేయబోతున్నాడో లక్ష్యం పెట్టుకోవలసినది కూడా పిల్లవాడే. నా దృష్టిలో అసలు కీలకం ఈ చిన్న వివరంలోనే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళవారికి రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఒక మోస్తరు నుంచి తీవ్రమైన శారీరక శ్రమ అవసరం. 2016 నాటి లెక్కల్లో, 11 నుంచి 17 ఏళ్ళ మధ్యవారిలో 81 శాతం మంది ఆ స్థాయిని అందుకోవడం లేదు. ఈ అంకెలు చూసి భయపడిన తల్లిదండ్రులు సాధారణంగా చేసే పని బహుమతి ప్రకటించడం: ఇన్ని అడుగులు నడిస్తే ఇన్ని నిమిషాల ఐప్యాడ్. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న బాలబడి పిల్లలలో కొందరికి, గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని చెప్పి, ఇచ్చారు. కొద్దిరోజుల తరువాత చూస్తే, ఆ పిల్లలు ఖాళీ సమయంలో బొమ్మలకు కేటాయించిన కాలం తక్కినవారిలో సగమే. చెప్పకుండా పత్రం ఇచ్చినవారిలో ఈ తరుగు లేదు. బహుమతి కోసం చేసేది పనిగా మారిపోతుంది. పని నుంచి తప్పుకునే దారులు వెతకడంలో పిల్లలను మించినవారు లేరు. అడుగులు లెక్కపెట్టే పట్టీని చేతికి తొడిగితే సోఫాలో కూర్చుని చేయి ఊపేస్తారు.

మరి ఆటను పిల్లలతోనే చేయిస్తే? మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఆలిసన్ డ్రూయిన్ 1998లో కిడ్స్‌టీమ్ అనే బృందాన్ని ప్రారంభించారు. 7 నుంచి 11 ఏళ్ళ పిల్లలు బడి వదిలాక పరిశోధకులతో కలిసి కూర్చుని కొత్త సాంకేతిక వస్తువులను రూపొందించేవారు. సాంకేతిక రూపకల్పనలో పిల్లలు వాడుకరులు, పరీక్షకులు, సలహాదారులు, భాగస్వాములు అనే నాలుగు పాత్రలలో ఉండవచ్చునని డ్రూయిన్ విభజించారు. మనం ఇళ్ళలో సాధారణంగా మొదటి పాత్ర దగ్గరే ఆగిపోతాం. కిడ్స్‌టీమ్‌లో మాట్లాడటానికి చేయి ఎత్తనవసరం లేదు. పెద్దలను పేరుపెట్టి పిలవడమే పద్ధతి. మన పిల్లలకు ఈ రెండవది మింగుడుపడటం కష్టం. అంకుల్, ఆంటీ అన్న పిలుపులు అలాగే ఉండనివ్వవచ్చు. అంకుల్ చెప్పిన నియమం బాగాలేదని చెప్పే వీలుంటే చాలు.

ఈ వీలు మన వీధి ఆటలలో ఏనాడో ఉంది. పంటలు వేసుకోవడం దగ్గర నుంచి తొండి ఎవరిదో తేల్చుకోవడం దాకా పెద్దల ప్రమేయం ఉండేది కాదు. స్థలం చాలకపోతే గీత జరిగేది, మనుషులు చాలకపోతే లెక్క మారేది. అయితే పాత ఆటలన్నీ మంచివేనని అనుకోవడం కూడా పొరపాటే. అవుటైనవారిని పక్కన కూర్చోబెట్టే ఆటలో పరిగెత్తలేనివాడు అందరికంటే ముందు కూర్చుంటాడు. ఎవరికి కదలిక ఎక్కువ అవసరమో వారికే అది తక్కువ దక్కుతుంది. కబడ్డీ ఈ చిక్కును చక్కగా విప్పింది: ఎదుటి జట్టులో ఒకరిని అవుట్ చేస్తే మన జట్టులో ఒకరు తిరిగి బతుకుతారు.

చిన్నవాళ్ళ సమస్యకు మన సంప్రదాయ పరిష్కారం ‘ఆటలో అరటిపండు’. వాణ్ణి ఆడనిస్తారు, అవుట్ చేయరు. కాని ఆరేళ్ళవాడికి తన ఆట ఉత్తుత్తిదని తెలిసిపోతుంది. ఏడుపెంకులాటనే తీసుకొని, పిల్లల ముందు ఈ చిక్కు పెట్టి చూడండి. ఏడవ పెంకును పేర్చే హక్కు జట్టులో అందరికన్నా చిన్నవాడిదేనని ఒక నియమం రాస్తే, వాణ్ణి కాపాడుతూ గమ్యం చేర్చడానికి జట్టు మొత్తం పరిగెత్తక తప్పదు. ఈ నియమం నా ఊహ మాత్రమే. పిల్లలు దీన్ని కొట్టిపారేసి ఇంకా మంచిది చెప్పవచ్చు.

అపార్ట్‌మెంట్ వెనకాల గడ్డి, ఓ మెత్తటి బంతి, పెంకులకు బదులు ప్లాస్టిక్ గిన్నెలు ఉంటే ఓ శనివారం గంటసేపు ఇలా ప్రయత్నించవచ్చు. పెద్దలు ముందుగా చెప్పవలసినవి హద్దులు మాత్రమే: ఎక్కడిదాకా వెళ్ళవచ్చు, ఎవరూ రెండు నిమిషాలకు మించి ఖాళీగా నిలబడకూడదు. ఈ రెండవ హద్దు లేకపోతే గట్టిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురు పెద్దపిల్లలు తమకు నెగ్గే నియమాలు రాసుకుంటారు. పిల్లల స్వేచ్ఛ అంటే అందరి స్వేచ్ఛ అని భ్రమపడనక్కరలేదు. పది నిమిషాలు ఆడాక, నచ్చినది, నచ్చనిది, మార్చవలసినది తలా ఒకటి చిన్న కాగితాల మీద రాయించాలి. రాయడం రానివారు బొమ్మ గీస్తారు. ఒకసారికి ఒకే నియమం మార్చి మళ్ళీ ఆడాలి, లేకపోతే ఏ మార్పు పనిచేసిందో తెలియదు. పాయింట్లకు బదులు, ఎవరు ఎంతసేపు ఖాళీగా నిలబడ్డారో ఒక పిల్లవాడు స్టాప్‌వాచీతో లెక్క చూడవచ్చు, వంతులవారీగా. ఆట మధ్యలో నీళ్ళు ఎప్పుడు తాగాలో, తరువాత తినడానికి ఏ పండు కోసి పెట్టుకోవాలో కూడా నియమాల కాగితం మీద వాళ్ళే రాసుకోవచ్చు.

మూడవ వారానికి ఆ ఆట విసుగుపుట్టి, వాళ్ళు దాన్ని వదిలేసి మరొకటి మొదలుపెట్టే అవకాశం ఉంది. అప్పుడు పాత కాగితాన్ని పట్టుకుని వెంటపడకుండా, కొత్త ఆటకు బంతి కావాలో, సుద్దముక్క కావాలో అడిగి తెచ్చిపెట్టడం వరకే మన పని.