ఆల్చిప్పల సాగు: అదను తప్పితే పెట్టుబడి నీటిపాలు

రావికమతం ప్రాంతంలో బెల్లం వండే రైతుకు సున్నం విలువ వేరే చెప్పనక్కరలేదు. చెరకు రసంలో మడ్డి విరగటానికి సున్నపు తేట పడవలసిందే. అదే సున్నానికి తీరప్రాంతంలో మరో ఉపయోగం వున్నది. ఆల్చిప్పల సాగులో విత్తనం పట్టేది సున్నం పూసిన పెంకుల మీద, లేదా సున్నం బట్టీకి పోకుండా మిగిల్చిన పాత గుల్లల మీద.

ఆడచిప్ప ఒక్కసారికి లక్షలాది గ్రుడ్లు వదులుతుంది. పిల్ల రెండు, మూడు వారాలు నీటిలో తేలుతూ తిరిగి, మిల్లీమీటరులో మూడోవంతు పరిమాణానికి వచ్చాక కంటిచుక్క, చిన్న పాదం ఏర్పడి చోటు వెదుక్కుంటుంది. నచ్చిన చోట జిగురుతో అతుక్కుంటుంది, ఇక కదలదు. చోటు దొరకకుంటే కొన్నాళ్ళు ఆగగలదు గాని, ఆలస్యమైన కొద్దీ నష్టం ఎక్కువ.

తనజాతి గుల్ల వున్న చోటుకే పిల్ల మొగ్గు చూపుతుంది. గరుకుతలం, నీడపట్టు అనుకూలం. గుల్ల నీటిలో కొద్దిరోజులు నాని సూక్ష్మజీవుల పలుచని పొర పడితే మరీ మేలు. కాని ముందుగా దింపితే ఒండ్రు కప్పుతుంది, బార్నకిల్స్ చోటు ఆక్రమిస్తాయి. ఆలస్యంగా దింపితే పిల్ల దాటిపోతుంది. వరదనీటికి ఉప్పదనం పడిపోయినా పట్టు తగ్గుతుంది. చెరకు ముచ్చెలకు పదును ఎంతో, దీనికి అదను అంత.

ఫ్రాన్సులోని ఆర్కషాన్‌లో సున్నం పూసిన పెంకుల పద్ధతి 19వ శతాబ్దిలోనే స్థిరపడింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తూత్తుకుడిలో ఇదే పద్ధతిని అనుసరించింది. పూత పెచ్చుగా వూడి రావటంతో పిల్లలను దెబ్బ తగలకుండా విడదీయవచ్చు. భీమునిపట్నం ఉప్పుటేరులోనూ 1980ల నాటికి ఈ చిప్పల పెంపకంపై ప్రయోగాలు జరిగాయి.

అదను గండం తప్పించే దారి కూడా వున్నది. అతుక్కోవటానికి సిద్ధమైన పిల్లలను హేచరీలో పెంచి, తడిగుడ్డలో చుట్టి చల్లగా పంపవచ్చు. గుప్పెట్లో పట్టే ముద్దలో లక్షలాది పిల్లలు ఇముడుతాయి. అమెరికా పసిఫిక్ తీరంలో ఈ వ్యాపారం సాగుతున్నది. అయితే తొట్టెలో గుల్లలు శుభ్రంగా లేకున్నా, నీటి వెచ్చదనం, ఉప్పదనం కుదరకున్నా కొన్న విత్తనం కూడా దక్కదు. కాబట్టి సాగుదారు ముందుగా లెక్క చూసుకోవలసినది చిప్ప ధర కాదు, గుల్లకు ఎన్ని పిల్లలు పట్టాయన్నది.