గాడ్జిల్లా: రబ్బరు సూట్ అని నవ్వుకుంటున్నారా? ఆ సూట్ వెనక ఉన్న అసలు కథ ఇదీ!

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే అప్పుడప్పుడూ ఒక బ్లాక్ అండ్ వైట్ క్లిప్ తగులుతుంటుంది. డైనోసార్‌లాంటి ఓ భారీ జీవి సిటీలో బిల్డింగులను తొక్కుకుంటూ పోతుంటుంది. కాస్త పట్టి చూస్తే అది వేషం వేసుకున్న మనిషని, ఆ బిల్డింగులు బొమ్మలని తెలిసిపోతుంది. ఇప్పటి గ్రాఫిక్స్‌కు అలవాటుపడిన కళ్లకు నవ్వు రావడంలో తప్పేం లేదు. కానీ 1954 నవంబర్ 3న 'గొజీరా' జపాన్ థియేటర్లలోకి వచ్చినప్పుడు సీన్ వేరు. దాదాపు 96 లక్షల టికెట్లు తెగాయి. మనం గాడ్జిల్లా అని పిలుస్తున్నది ఈ గొజీరానే.

ఇంతకీ ఆ పాత సినిమాల్లో ఏముంది? 70 ఏళ్లు దాటినా ఫ్యాన్స్ వాటిని ఎందుకు వదలట్లేదు?

రిలీజ్‌కు 8 నెలల ముందు ఏం జరిగింది?

1954 మార్చి 1. పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. శాస్త్రవేత్తలు వేసుకున్న లెక్క తప్పింది. అనుకున్నదానికి రెండున్నర రెట్లు పెద్ద పేలుడు జరిగింది. హిరోషిమా మీద పడిన బాంబుతో పోలిస్తే ఇది సుమారు వెయ్యి రెట్లు.

ఆ టైంలో ప్రమాద ప్రాంతంగా ప్రకటించిన హద్దుకు బయటే ఓ జపాన్ చేపల పడవ ఉంది. పేరు 'డైగో ఫుకుర్యు మారు'. అంటే ఐదో నంబర్ అదృష్ట డ్రాగన్ అని అర్థం. పడవలో ఉన్న 23 మంది మీద తెల్లటి బూడిద రాలింది. అదేంటో వాళ్లకు తెలియదు. ఊరికి చేరేసరికే రేడియేషన్ జబ్బు మొదలైంది. రేడియో ఆపరేటర్ ఐకిచి కుబోయామా సెప్టెంబర్ 23న ఆస్పత్రిలో కన్నుమూశారు. తినే చేపల్లోనూ రేడియేషన్ ఉందేమోనని జపాన్ అంతా వణికిపోయింది.

ఇది జరిగిన కొన్ని వారాలకే గొజీరా రిలీజైంది. మొదటి సీన్ ఏంటో తెలుసా? సముద్రంలో ఒక పడవ. డెక్ మీద కూర్చుని సేదతీరుతున్న మనుషులు. ఉన్నట్టుండి నీళ్లలోంచి కళ్లు చెదిరే వెలుగు. ఆ వెంటనే మంటలు. థియేటర్లో ఉన్నవాళ్లకు ఆ సీన్ దేని గురించో ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

చెప్పుకోలేని బాధను రాక్షసుడు చెప్పాడు

యుద్ధం తర్వాత 1952 వరకు జపాన్ అమెరికా నాయకత్వంలోని సేనల పాలనలో ఉంది. అణుబాంబు బాధల గురించి రాయడం మీద, చూపించడం మీద చాలాకాలం సెన్సార్ నడిచింది. మనసులో ఉన్నది బయటికి చెప్పుకునే దారి లేదు. డైరెక్టర్ ఇషిరో హోండా స్వయంగా యుద్ధంలో పనిచేసిన సైనికుడు. ఇంటికి తిరిగొస్తూ హిరోషిమా శిథిలాల మీదుగా ప్రయాణించారు.

అందుకే ఈ సినిమాలో విధ్వంసం సరదాగా ఉండదు. రైల్లో ఒక అమ్మాయి తాను నాగసాకి నుంచి ప్రాణాలతో బయటపడిన సంగతి మామూలుగా మాట్లాడుతూ చెబుతుంది. మంటల మధ్య ఓ తల్లి పిల్లలను దగ్గరికి పొదువుకుని, కాసేపట్లో నాన్న దగ్గరికి వెళ్లిపోతామని ఓదారుస్తుంది. రాక్షసుడు వెళ్లిపోయాక కెమెరా ఆస్పత్రిలోకి వెళ్తుంది. అక్కడ ఓ పసిబిడ్డ దగ్గర రేడియేషన్ మీటర్ పెడితే అది టకటకా మోగుతుంది. 1945లో టోక్యో మీద బాంబులు కురిసిన రాత్రులు అప్పటికి 9 ఏళ్ల కిందటి మాటే.

క్లైమాక్స్ కూడా అంతే. గాడ్జిల్లాను చంపగల ఆయుధం సెరిజావా అనే సైంటిస్టు దగ్గర ఉంటుంది. అది బయటికొస్తే దేశాలు దాన్ని ఇంకో బాంబులా వాడేస్తాయని ఆయన భయం. చివరికి ఫార్ములా కాగితాలన్నీ తగలబెట్టి, సముద్రం అడుగుకు దిగి, రాక్షసుడితో పాటే ప్రాణం వదిలేస్తాడు. అణు పరీక్షలు ఆగకపోతే మరో గాడ్జిల్లా రావచ్చని ముసలి ప్రొఫెసర్ హెచ్చరించడంతో సినిమా ముగుస్తుంది.

100 కేజీల సూట్.. లోపల మనిషి

నిర్మాణ సంస్థ తోహో. స్పెషల్ ఎఫెక్ట్స్ బాధ్యత ఐజీ త్సుబురాయది. హాలీవుడ్ 'కింగ్ కాంగ్' అంటే ఆయనకు ప్రాణం. అందులోలాగే బొమ్మను ఒక్కో ఫ్రేమ్‌కు కొంచెం కొంచెం కదుపుతూ తీయాలని ఉన్నా, దానికి కావాల్సినంత టైం లేదు. దాంతో సూట్ వేసిన మనిషిని బొమ్మ సిటీలో నడిపించాలని డిసైడయ్యారు.

ఎక్కువగా ఆ సూట్‌లో ఉన్నది హరువో నకజిమా. మొదటి సూట్ బరువు దాదాపు 100 కేజీలు. పైనుంచి లైట్ల వేడి. లోపల ఊపిరాడదు, చెమట కారిపోతుండేది. భారీ జంతువులు ఎలా నడుస్తాయో చూడటానికి ఆయన జూకు వెళ్లి ఏనుగులను, ఎలుగుబంట్లను గమనించారు. 1972 వరకు 12 సినిమాల్లో గాడ్జిల్లా ఆయనే.

ఇక్కడో చిన్న టెక్నిక్ ఉంది. కెమెరాను ఎక్కువ స్పీడులో నడిపి షూట్ చేసి, తెర మీద మామూలు స్పీడులో వేస్తే కదలికలు నెమ్మదిస్తాయి. అప్పుడే మనిషి అడుగు 50 మీటర్ల జీవి అడుగులా బరువుగా కనిపిస్తుంది. కరిగిపోయే కరెంటు టవర్లను మైనంతో చేశారు. ఇక ఆ గర్జన ఏ జంతువుదీ కాదు. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే టీం వదులు చేసిన పెద్ద బాస్ వాయిద్యం తీగను తోలు గ్లౌజుతో రుద్ది పుట్టించింది.

పాత సినిమాల ఫ్యాన్స్‌ను కట్టిపడేసేది ఇదే. కూలిన గోడ బొమ్మదే అయినా నిజంగానే కూలింది. ఆ దుమ్ము నిజం, లోపలున్న మనిషి అలసట నిజం.

మరి జోక్‌లా ఎలా మారింది?

1956లో అమెరికాలో రిలీజైన వెర్షన్ వేరు. అసలు సినిమా 96 నిమిషాలు. అందులో చాలా భాగం కోసేసి, రేమండ్ బర్ అనే నటుడిని జర్నలిస్టుగా పెట్టి కొత్త సీన్లు కలిపి 80 నిమిషాలకు కుదించారు. చివర్లో ప్రొఫెసర్ హెచ్చరిక ఎగిరిపోయింది. ముప్పు తప్పింది, ఇక అంతా హాయి అన్నట్టు ముగించారు. మిగతా ప్రపంచంలో చాలామందికి ముందు పరిచయమైంది ఈ వెర్షనే. పూర్తి జపాన్ వెర్షన్ అమెరికా థియేటర్లలో పెద్ద ఎత్తున ఆడింది 2004లోనే. బాధను తీసేస్తే మిగిలేది రబ్బరు సూటే కదా!

జపాన్‌లోనూ 1960ల్లో ఈ సినిమాలు పిల్లల వైపు మళ్లాయి. గాడ్జిల్లా మెల్లగా హీరో అయిపోయింది. అయినా భయం పూర్తిగా పోలేదు. 1961 నాటి 'మోత్రా'లో మనుషులు ఎత్తుకెళ్లి షోలు వేయించిన ఇద్దరు చిట్టి అమ్మాయిల కోసం ఓ భారీ చిమ్మట సముద్రం దాటి వస్తుంది. ఆ దీవి కూడా అణు పరీక్షలు జరిగిన చోటే. 1971లో వచ్చిన 'హెడోరా' అయితే ఫ్యాక్టరీల మురికి తిని పెరిగిన రాక్షసుడు. అప్పటి జపాన్‌ను పీడిస్తున్న కాలుష్యమే దానికి మూలం.

2023లో వచ్చిన 'గాడ్జిల్లా మైనస్ వన్' మళ్లీ యుద్ధం ముగిసిన రోజులకే వెళ్లింది. విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ కొట్టింది. గాడ్జిల్లా సినిమాకు ఆస్కార్ రావడం అదే మొదటిసారి. అందులో గ్రాఫిక్స్ కొత్తవి, గాయం మాత్రం పాతదే.

ఈసారి ఆ బ్లాక్ అండ్ వైట్ క్లిప్ కనిపిస్తే, రాక్షసుడి మీద నుంచి చూపు కొంచెం కిందికి దించండి. పరిగెడుతున్న జనం మొహాలు చూడండి. వాళ్లలో చాలామంది తొమ్మిదేళ్ల కిందట నిజంగానే అలా పరిగెత్తినవాళ్లు అయ్యుండొచ్చు.