రాసిన పేజీని చింపవచ్చునా?

విద్యార్థులారా! సైన్సు రికార్డులో తప్పు రాస్తే మీరేం చేస్తారు? గుట్టుగా ఆ పేజీ చింపేస్తారు కదూ! మేము మాత్రం, "చింపవద్దు, ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయండి" అంటాం. కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికీ ఇదే చిక్కు వస్తుంది.

పెద్ద ప్రోగ్రామును ఎందరో కలిసి రాస్తారు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో గుర్తుంచుకునే సాధనాల్లో ఒకటి గిట్. ఫిన్లాండులో పుట్టిన లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ నిర్మాణం కోసం 2005లో దీన్ని తయారుచేశాడు. ఇందులో భద్రపరచే ఒక్కొక్క మార్పును 'కమిట్' అంటారు. కమిట్ల వరుసే 'బ్రాంచి', అంటే కొమ్మ.

మా చండ్రుగొండ చుట్టుపట్ల అడవిలో వెదుళ్లు చూడండి. ప్రతి కణుపూ కింది కణుపు మీదే నిలుస్తుంది. మధ్య కణుపు ఒక్కదాన్నే తీసివేయగలమా? కమిట్లూ అంతే. ప్రతి కమిట్‌కూ అంకెలు, అక్షరాలు కలిసిన గుర్తు ఒకటి ఉంటుంది. సాధారణంగా దాని పొడవు 40. ఆ గుర్తును లెక్కకట్టేటప్పుడు ముందున్న కమిట్ గుర్తును కూడా కలుపుకొంటారు.

ఒక చిన్న లెక్క చేద్దాం. నాలుగు రోజుల వర్షపాతాన్ని మిల్లీమీటర్లలో నాలుగు చీటీలపై రాయండి: 12, 7, 95, 4. ముందు చీటీ గుర్తుకు ఈ చీటీ మీది సంఖ్యను కూడితే ఈ చీటీ గుర్తు వస్తుందనుకుందాం. అప్పుడు గుర్తులు 12, 19, 114, 118. మూడో రోజు అసలు వానే లేదు, 95 అని పొరపాటున రాశారు. ఆ చీటీ తీసేయండి. చివరి చీటీ గుర్తు 23 అయింది! దాని మీది 4 మారలేదు, గుర్తు మాత్రం మారిపోయింది. గిట్ చేసే లెక్క ఎంతో జటిలం. కాని సూత్రం ఇదే.

తప్పు కమిట్‌ను సరిచేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది 'రివర్ట్'. పాతదాన్ని ముట్టుకోకుండా, దాన్ని రద్దుచేసే కొత్త కమిట్‌ను చివర చేరుస్తారు. ఇది గీత కొట్టడం. రెండోది చరిత్రను తిరగరాయడం. చివరి కమిట్లు వద్దనుకుంటే 'రీసెట్'తో వెనక్కి వెళ్తారు. మధ్యలోది వద్దనుకుంటే 'రీబేస్'తో దాన్ని వదిలేసి, తర్వాతివాటిని కొత్తగా అతికిస్తారు. ఇది పేజీ చింపడం.

ఏది మంచిది? పని ఇంకా మీ ఒక్కరి దగ్గరే ఉంటే చింపినా ఎవరికీ నష్టం లేదు. చింపిన కమిట్‌ను గిట్ వెంటనే పారవేయదు, మామూలుగా కొన్ని వారాలు దాచి ఉంచుతుంది. మరి మీ స్నేహితుడు అప్పటికే నకలు తీసుకొని ఉంటే? అతని దగ్గర 118, మీ దగ్గర 23! రెండూ కలిపితే మీరు తీసిన 95 మళ్లీ వచ్చి చేరుతుంది. బలవంతంగా మీ వరుసనే అందరికీ పెడితే, అతను కొత్తగా చేర్చిన పని అందులోంచి పోవచ్చు. అందుకే నలుగురూ పంచుకున్నదానికి గీతే మేలు.

ఒక్క సందర్భం వేరు. పాస్‌వర్డో, ఇతరుల ఫోను నంబర్లో పొరపాటున చేరితే గీత చాలదు. గీత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి కదా! అప్పుడు అందరికీ చెప్పి చరిత్రను తిరగరాయాలి. అయినా ఎక్కడో ఒక నకలు మిగిలి ఉండవచ్చు. కనుక అన్నిటికన్నా ముందు పాస్‌వర్డు మార్చాలి.

ఇక మీరూ పరీక్షించండి. గుర్తులు వేసిన చీటీల నకలు ఒకటి స్నేహితునికి ఇవ్వండి. మీ వరుసలో ఒక చీటీ రహస్యంగా తీసి, గుర్తులు మళ్లీ వేయండి. ఎన్నో చీటీ తీశారో అతను గుర్తులు పోల్చి ఇట్టే చెప్పేస్తాడు!