నెత్తురులోని సీసమును కొలుచుట

2020వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన, కృష్ణకు ఆవలనున్న ఏలూరు పట్టణమున జనులు నిలిచినవారు నిలిచినట్లే మూర్ఛవచ్చి పడిపోజొచ్చిరి. కొలది దినములలో రోగుల సంఖ్య ఐదువందలు దాటెను. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు కొందరి నెత్తురును పరీక్షించి, అందు సీసమును నికెలును కలవని తెలిపిరి. పురుగుమందుల శేషములను గూర్చియు విచారణ జరిగెను. నాటినుండి మిరపకల్లములలో “మా నెత్తురులో నేమున్నదో చూడరాదా?” యని మమ్మడుగువారు పెక్కురు.

చూడవచ్చును, కాని పని సులభము కాదు. గ్రామును పదిలక్షల భాగములు చేసినచో అందొకటి మైక్రోగ్రాము. నూరు మిల్లీలీటర్ల నెత్తురులో 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని సీసమున్నచో, అది యెచ్చటినుండి వచ్చినదో కనిపెట్టి మాన్పవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది. ఇంత స్వల్పమును యంత్రమునకు చక్కగా కనబడునట్లు ఒకచోట పోగుచేయుటకు క్లోరోఫారము, కార్బన్ టెట్రాక్లోరైడు వంటి ద్రావకములను వాడుచు వచ్చిరి. అవి పీల్చిన పరీక్షకుని కాలేయమునకే ముప్పు. విషమును వెదకుటకు మఱియొక విషమా!

ఇప్పుడు శాస్త్రజ్ఞులు పట్టిన త్రోవ మన యింటి మందుసీసాలోనిదే. పుదీనాపువ్వును వాముపువ్వును విడివిడిగా పలుకులు. రెంటిని చేర్చి కుదిపినచో నిప్పు లేకయే ద్రవమగును. కర్పూరము కూడ చేర్చి అమృతధార చేసిన యిల్లాండ్రకిది క్రొత్తగాదు. ఈ ద్రవము నీటిలో కలియదు. అదియే దాని గుణము. మన యూరియా కూడ, కోళ్లదాణాలో వేయు కోలిన్ క్లోరైడుతో చేరి యిట్లే కరగునని 2003లో ఇంగ్లండు రసాయనజ్ఞులు ప్రకటించిరి.

నెత్తురును ఆమ్లముతో కరగించి, సీసమును పట్టుకొను రసాయనము వేసి, నీటితో కలియని యిట్టి ద్రవమును కొన్ని చుక్కలు చేర్చి కుదిపెదరు. యంత్రమున గిర్రున త్రిప్పగా, చిలికిన మజ్జిగపై వెన్నవలె, ఆ చుక్కలు సీసముతోగూడ వేరుపడును. వానిని మిక్కిలి వేడిచేసి, ఆవిరి మ్రింగిన వెలుతురునుబట్టి సీసమెంతయో లెక్కింతురు. ఇది ముఖ్యముగా పరిశోధనశాలల పద్ధతి. ప్రక్కయూరి ఆసుపత్రిలో దీనిని అడుగబోకుడు.

ఏ పద్ధతికైనను చేతిమీది ధూళియే శత్రువు. అందలి రవ్వంత సీసము నెత్తురులోనిదిగా లెక్కకు వచ్చును. కావున చేయి సబ్బుతో బాగుగా కడుగుకొని పొండు. వ్రేలిని పొడువక, సిరనుండి, లోహములు లేని గొట్టములోనికి తీయుమని కోరుడు.

మందు చల్లుచు తలతిరిగి పడినవాని సంగతి వేఱు. ఆర్గనోఫాస్ఫరసు మందు సీసపు పరీక్షలో కనబడదు. దానికి కోలినెస్టరేజు పరీక్ష కలదు. తడిసిన గుడ్డలు తీసివేసి, ఒడలు కడిగి, డబ్బామీది చీటితోగూడ వానిని వెంటనే ఆసుపత్రికి చేర్పుడు.