కోళ్లపెంటను మాగవేసి వాడుట

కోళ్లపెంట మిక్కిలి వేడిదనియు, పైరును మాడ్చుననియు చెప్పి దానిని దిబ్బపై పారవేయు రైతులు మన పల్నాటియందు గలరు. ఆ మాట సగము నిజము. పచ్చిపెంటను మిరపమొక్కల మొదళ్లయందు వేసి వేళ్లు మాడ్చుకొనినవారిలో మేమును గలము. తప్పు పెంటది కాదు, మా తొందరపాటుది.

కోడికి మూత్రము వేఱుగా లేదు. పెంటపై తెల్లని పూతవలె కనబడునదే అది. నత్రజని యందు విశేషముగా నుండును. ఎండిన పెంటలో నూటికి సుమారు 3 పాళ్లు నత్రజనియు, 2½ పాళ్లు భాస్వరమును, 1½ పాలు పొటాషును గలవు. మన పశువుల యెరువులో నత్రజని అరపాలు మాత్రమే. అయితే కోళ్లపెంట తడిసినచో నత్రజని అమోనియాగా మారి, ముక్కు మండించు ఘాటుతో గాలిలో కలిసిపోవును. నెలదినములు బయట పడియున్నచో సగమువఱకు పోవచ్చును. లెక్క చూడుడు: టన్ను ఎండుపెంటలో 30 కిలోల నత్రజని యుండగా 15 కిలోలు పోయినట్లే. 45 కిలోల యూరియా బస్తాలో నుండునది సుమారు 21 కిలోలు. ఇంచుమించు ముప్పాతిక బస్తా మన కన్నులయెదుటనే ఆవిరియగుచున్నది!

నడికుడి ప్రాంతమున మఱియొక చిక్కు గలదు. ఇది సున్నపురాతి సీమ. పిడుగురాళ్ల సున్నము చేరువనే దొరకును. వాసన పోవునని దానిని పెంటకుప్పపై చల్లుట కూడదు. సున్నము తగిలిన అమోనియా మఱింత వేగముగా వెడలిపోవును. దానికి బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేటును పలుచగా చల్లినచో, అందలి పులుపును జిప్సమును అమోనియాను కొంతవఱకు పట్టియుంచును.

ఇక మాగవేయు విధము. నడికుడి కూడలి దాటి మాచెర్లవైపు పోవునపుడు వేసవిలో గట్లపై ప్రత్తికట్టె కుప్పలు కానవచ్చును. కొందఱు తగులబెట్టుదురు. ఆ కట్టెనే ముక్కలుగా కొట్టి, వరిగడ్డియు చేర్చి, ఎండుతూకమున పెంట యొకపాలునకు చెత్త రెండుపాళ్లుగా పొరలు పొరలుగా వేయవలెను. (ప్రత్తికట్టెను నిలువచేసిన గులాబిరంగు పురుగు అందు దాగి మరుసటి పైరునకు వచ్చును, ఇట్లు కొట్టి మాగవేసిన ఆ బాధయు తగ్గును.) షెడ్డులోని పెంటయందు ఊక కలిసియున్నచో చెత్త తగ్గింపవచ్చును. కుప్ప యెటుచూచినను 3 అడుగులకు తక్కువ కారాదు, ఎత్తు 5 అడుగులు మించరాదు. వేపచెట్టు నీడన వేసి తాటాకు కప్పవలెను. పిడికిట పిండిన చేయి తడియవలెను గాని నీరు కారరాదు. నాలుగైదు దినములకు ఇనుపకడ్డీ గ్రుచ్చి తీసిన, పట్టుకొనలేనంత వేడిగా నుండవలెను. కలుపువిత్తులును రోగక్రిములును చచ్చునది ఆ వేడికే. రెండువారముల కొకమాఱు, వెలుపలిది లోపలికి వచ్చునట్లు తిరుగవేయవలెను. రెండు మూడు నెలలకు ఘాటు పోయి మట్టివాసన వచ్చును.

ఎకరమునకు 1 లేక 2 టన్నులు ఆఖరి దుక్కికి ముందు చల్లి, ఆనాడే కలియదున్నవలెను. మన నేలలలో సున్నము హెచ్చు గనుక పైన విడిచిన మిగిలిన నత్రజనియు పోవును. సూపరును యూరియాను ఆమేరకు తగ్గింపవచ్చును.

చిన్న కుప్ప వేడెక్కదు. ఊక పఱచిన షెడ్డులో 40 కోళ్లు ఏడాదికి సుమారు టన్ను ఎరువు నిచ్చును. అన్ని కోళ్లు లేని సభ్యులు నలుగురైదుగురు కలిసి యొకచోట కుప్ప వేసికొని, తెచ్చిన గంపల లెక్కను బట్టి పంచుకొనవచ్చును. పగలు బయట తిరుగు నాటుకోళ్ల పెంటలో గంపక్రింద రాత్రి పడినదే దక్కును. అట్టి యిండ్లు మఱికొన్ని కలియవలసియుండును.