వాపు తగ్గిందని సూది ఆపకండి

పుత్తూరు చుట్టుపక్కల సన్నకారు రైతు ఇంటికి పాలడబ్బే ఆసరా. ఆవుకు పొదుగువాపు వచ్చినప్పుడు, కాస్త తగ్గగానే సూదులు మానేస్తున్నారా? అక్కడే వస్తుంది తంటా.

పొదుగువాపు తెచ్చే క్రిముల్లో ఈ.కోలై ఒకటి. 2004లో నథాలీ బలబాన్ బృందం ఈ క్రిములను వెంట్రుకకన్నా సన్నని చాళ్లలో నిలిపి, ఒక్కొక్కదాన్నీ సూక్ష్మదర్శినిలో గమనించింది. యాంపిసిలిన్ మందు పెడితే ఎదిగేవి చచ్చాయి. ఎదగకుండా నిద్రలో ఉన్న కొన్ని మిగిలి, మందు తీసేశాక మళ్లీ పెరిగాయి. కలుపుమందు కొట్టాక నేలలోని గింజ మొలిచినట్టే! నిద్రలేచినవి మాత్రం అదే మందుకు లొంగుతాయి.

అందుకే డాక్టరు చెప్పినన్ని రోజులూ సూది వేయించండి. సొంతంగా మందు కొనొద్దు. ఆయన వద్దన్నన్నాళ్లు ఆ పాలు కేంద్రానికి పోయకండి, పిల్లలకూ తాపకండి. నాలుగు పూటల పాలు పోయినా పొదుగు దక్కుతుంది.