ట్రాన్సిస్టర్ పెట్టెలో వాల్వుకేం పని?

అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రానికి చెందిన టెక్‌ట్రానిక్స్ కంపెనీ 1960లో ‘321’ అనే ఆసిలోస్కోపును (విద్యుత్ సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే పరికరాన్ని) అమ్మకానికి పెట్టింది. మూడంగుళాల తెర, చేత్తో పట్టుకెళ్లడానికి పిడి, ఏడెనిమిది కిలోల బరువు. కరెంటు లేనిచోట పది పెద్ద టార్చి సెల్లు వేస్తే చాలు. అదే కంపెనీ వాల్వులతో చేసిన 545 మోడలు పక్కన పెడితే గానీ దీని గొప్ప తెలియదు. అది ముప్పై కిలోలకు దగ్గర, సుమారు 500 వాట్లు తాగేది. దాన్ని ల్యాబులో అటూ ఇటూ తిప్పడానికి చక్రాల బండి విడిగా అమ్మేవారు.

ఈ తేడా చాలావరకు ట్రాన్సిస్టర్ చలవే. వాల్వులో ఎలక్ట్రాన్లు కదలాలంటే ముందు లోపలి ఫిలమెంటు ఎర్రగా కాలాలి. సిగ్నల్ ఉన్నా లేకపోయినా ఆ ఖర్చు తప్పదు. వాల్వు రేడియో ఆన్ చేసి, పాట వినబడేదాకా కాచుక్కూర్చున్న తరానికి ఇది కొత్త సంగతేం కాదు. ట్రాన్సిస్టర్‌లో కాల్చాల్సిందేమీ లేదు.

అయితే 321 మూత తీస్తే సరిగ్గా సిగ్నల్ లోపలికి వచ్చే చోట, అంటే ఇన్‌పుట్ దగ్గర, ఒక బుల్లి వాల్వు కనిపిస్తుంది. తక్కిన చోట్ల చాలావరకు తరిమేసిన వాల్వును గుమ్మం దగ్గర మాత్రం ఎందుకు ఉంచుకున్నారు?

కొలిచే పరికరం తాను కొలిచేదాన్ని కదపకూడదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. 10 వోల్టుల బ్యాటరీకి చెరో లక్ష ఓములున్న రెండు రెసిస్టర్లు వరసగా కలిపామనుకోండి. ఒక్కోదాని మీద 5 వోల్టులుండాలి. ఒకదానికి మామూలు మల్టీమీటరు తగిలించండి. వోల్టుకు 20,000 ఓములనే మీటరు 10 వోల్టుల రేంజిలో 2 లక్షల ఓముల రెసిస్టర్‌తో సమానం. అది కూడా పక్కన చేరి కరెంటు పంచుకుంటుంది కాబట్టి ముల్లు 4 దగ్గరే ఆగుతుంది. మీటరు అబద్ధమాడలేదు, అది తగలగానే అక్కడ నిజంగానే 4 వోల్టులయ్యాయి. వోల్టుకు 1,000 ఓముల చవక మీటరైతే ఒక వోల్టు కూడా చూపించదు. ఇన్‌పుట్ వద్ద 1.1 కోట్ల ఓములున్న వాల్వు వోల్ట్‌మీటరు మాత్రం దాదాపు 4.98 చూపిస్తుంది.

వాల్వులో సిగ్నల్ అందుకునే జాలికి, అంటే గ్రిడ్డుకు, కావలసింది వోల్టేజి మాత్రమే. కరెంటు దాదాపు తీసుకోదు. ఆనాటి ట్రాన్సిస్టర్ అలా కాదు, సిగ్నల్ అందుకునే దాని బేస్‌లోకి కొంత కరెంటు ఇస్తేనే పనిచేస్తుంది. పైగా జెర్మేనియం ట్రాన్సిస్టర్లలో ఊరకే కారే కరెంటు ఒకటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే అది ఇంచుమించు రెట్టింపవుతుంది. ఎండలో నిలబడి కొలవాల్సిన పరికరానికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది! అందుకే గుమ్మంలో వాల్వు, లోపల ట్రాన్సిస్టర్లు. అచ్చ ట్రాన్సిస్టర్ పరికరం కాదని మొహం చిట్లించేవాళ్లు ఉండొచ్చు గానీ, నా దృష్టిలో ఆ డిజైన్‌లో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం అదే. 1959లో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన న్యూవిస్టర్ అనే అంగుష్ఠమాత్రపు లోహపు వాల్వు కూడా తర్వాత చాలా పరికరాల్లో ఈ కాపలా పనే చేసింది.

కాపలా మారింది ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్ వచ్చాకే. దాని గేటు వాల్వు గ్రిడ్డులాగే వోల్టేజితో సరిపెట్టుకుంటుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. బెల్ ల్యాబ్స్ పరిశోధనాలయంలో భౌతిక శాస్త్రవేత్త షాక్లీ బృందం మొదట ప్రయత్నించింది ఫీల్డ్ ఎఫెక్ట్ కోసమే. అది కుదరక, కారణం వెతుకుతూ ఉండగా 1947 డిసెంబరులో వేరే రకం ట్రాన్సిస్టర్ చేతికి చిక్కింది. మొదట కోరుకున్నది వాడుకలోకి రావడానికి 1960ల దాకా ఆగాల్సి వచ్చింది. సోనీ-టెక్‌ట్రానిక్స్ 323 మోడలులో అదే ఇన్‌పుట్‌లో కూర్చుంది. బరువూ 321లో సగానికి దిగింది.

వాల్వు జాతిదే అయిన తెర గొట్టం (సీఆర్‌టీ) మాత్రం ఎటూ పోలేదు. దానికి వేల వోల్టులు కావాలి. సెల్లు ఇచ్చే డీసీని ట్రాన్సిస్టర్ ఆసిలేటరుతో వేగంగా ఊపి, ట్రాన్స్‌ఫార్మరుతో పెంచి, మళ్లీ డీసీ చేసేవారు.

ఆ కాలపు పరికరాలు ఇప్పుడు చేతికొస్తే స్విచ్చు వేయకముందే సెల్లు పెట్టే అర చూడాలి. మరిచిపోయిన సెల్లు కారి, రేకునీ తీగల్నీ పచ్చగా తినేసి ఉంటాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. అన్నిటికన్నా తమాషా రోగం ముల్లార్డ్ కంపెనీ ఏఎఫ్ 117 ట్రాన్సిస్టర్లది. దానికి నాలుగు కాళ్లు. నాలుగోది బయటి డబ్బాకి కలిపి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ డబ్బా లోపలి తగరపు పూత నుంచి వెంట్రుక కన్నా సన్నటి మీసాలు మొలిచి, లోపలి తీగలకు తగులుకుంటాయి. వాడకుండా పెట్టెలో దాచినా మొలుస్తాయి. పాత మెకానిక్కులు ఆ నాలుగో కాలు కత్తిరించేస్తారు. మీసం అలాగే ఉంటుంది గానీ డబ్బాకీ సర్క్యూట్‌కీ సంబంధం తెగిపోతుంది కనక, ఒకే తీగకి తగిలి ఉంటే ట్రాన్సిస్టర్ మళ్లీ పనిచేస్తుంది. రెండిటికి తగిలితే ఈ చిట్కా పనిచేయదు.